నల్లపాడు గేటు దగ్గర ఎయిర్‌బ్యాగ్ లైటు

నల్లపాడు రైల్వే గేటుకి ఇవతల లాల్ అహ్మద్ షెడ్డు ఉంది. నాలుగు ఇనప పైపులు, పైన రేకులు, వెనక ఒక గోడ. ఇంజను పని చెయ్యడు, డెంటింగు చెయ్యడు. కార్లలో వైర్ల పని ఒక్కటే చేస్తాడు. హారన్ మోగకపోయినా, అద్దం దిగకపోయినా, వెలగకూడని లైటు వెలిగినా అతని దగ్గరికే వస్తారు. పనిమంతుడని పేరుంది. ఆ పేరు పక్కనే చాదస్తుడన్న పేరు కూడా ఉంది.

ఆ చాదస్తమంతా ఎయిర్‌బ్యాగుల దగ్గరే. పన్నెండేళ్ళ క్రితం ఒక పాత కారు స్టీరింగులో ఎయిర్‌బ్యాగ్ వైరుకి మీటరు ఆనించి చూశాడు. మిగతా వైర్లకి ఎలా ఆనిస్తాడో దీనికీ అలాగే ఆనించాడు. మీటరులోంచి వెళ్ళిన ఆ పిసరంత కరెంటే చాలింది. స్టీరింగు ఢామ్మని పేలింది, తెల్లటి సంచీ వచ్చి మొహం మీద గుద్దింది. కళ్ళజోడు వెనక సీట్లో దొరికింది. ఎడమ చెవికి వినికిడి మాత్రం మళ్ళీ దొరకలేదు. ఆ రోజు నుంచి, బ్యాటరీ విప్పకుండా ఎయిర్‌బ్యాగ్ పసుప్పచ్చ ప్లగ్గుని ముట్టుకోడు. విప్పాక గడియారం చూసుకుని పది నిమిషాలు ఆగుతాడు. బ్యాటరీ తీసేసినా సంచీని పేల్చే పెట్టెలో కాస్త కరెంటు దాక్కుని ఉంటుందని, అది పూర్తిగా చచ్చేదాకా కారులో మనిషన్నవాడు ఉండకూడదని అతని నియమం.

గేటుకి అవతల గౌస్ బాషా షెడ్డు. గౌస్ బాషా అయిదు నిమిషాల్లో లైటు ఆర్పేస్తాడు. ఎలా ఆర్పుతాడో ఎవరూ అడగరు. "మా లాల్ భాయ్ దగ్గరికి వెళ్తే క్యారేజీ కట్టించుకుని వెళ్ళండి" అని వచ్చినవాళ్ళని నవ్వించి పంపుతాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున, పదిన్నరప్పుడు, ముదురు ఎరుపు రంగు పాత కారొకటి లాల్ అహ్మద్ షెడ్డు ముందు ఆగింది. నడుపుతున్నాయన పేరు జయరావు. నరసరావుపేటలో జిన్నింగు మిల్లులో పత్తి గ్రేడింగు చేసి రిటైరయ్యాడు. ఈ కారు రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండులో కొన్నాడు. పక్కసీట్లో ఆయన భార్య పుల్లమ్మ. పొన్నూరులో ఉన్న చెల్లెలికి కొత్తకారం ఇవ్వటానికి వెళుతున్నారు.

"ఈ లైటు చూడండి" అన్నాడు జయరావు దిగుతూనే. "నెల రోజులుగా ఆరటం లేదు."

లాల్ అహ్మద్ తల వంచి చూశాడు. కూర్చున్న మనిషి బొమ్మ, పొట్ట ముందు గుండ్రంగా ఒక బంతి. ఎర్రగా వెలుగుతోంది.

"ఎయిర్‌బ్యాగ్ లైటండి ఇది."

"అంటే పొట్ట లైటు కాదా?" అంది పుల్లమ్మ లోపల్నుంచి.

"పొట్ట లైటేంటమ్మా?"

"లావెక్కి బెల్టు బిగుతైతే వెలుగుతుందని చెప్పారు మా వీధిలో. బొమ్మ కూడా అచ్చం ఈయన కూర్చున్నట్టే ఉందిగా. నెల నుంచి రాత్రిపూట అన్నం మాన్పించి పుల్కాలు పెడుతున్నాను."

జయరావు మొహం చూస్తే, ఆ నెల ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. "ఇంక మానెయ్యచ్చా పుల్కాలు?" అన్నాడు ఆశగా.

"ముందు లైటు సంగతి చూద్దాం" అన్నాడు లాల్ అహ్మద్. స్కానరు తెచ్చి స్టీరింగు కింద ప్లగ్గులో గుచ్చాడు. తెర మీద వచ్చిన కోడు నోటుబుక్కులో రాసుకున్నాడు. పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ లైను తెగిందని చెబుతోంది అది. సరే, తాళం తీసేశాడు. బానెట్ ఎత్తాడు.

"అమ్మా, కాస్త దిగండి. ఇక్కడ మనుషులుండకూడదు."

"నేను దిగను" అంది పుల్లమ్మ.

"అయిదు నిమిషాలేనే" అన్నాడు జయరావు.

"నేను దిగనంటే దిగను. అన్నయ్యా, మీకు తెలియదు. కిందటేడు మార్టూరులో టీ తాగుదామని దిగాను. ఈయన నేనెక్కాననుకుని ఒంగోలు దాకా వెళ్ళిపోయాడు. దారంతా నాతో మాట్లాడుతూ వెళ్ళాడంట. నేను జవాబు చెప్పకపోతే కోపంగా ఉన్నాననుకున్నాడంట. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, గమ్యం చేరేదాకా ఈ కారు దిగనని."

లాల్ అహ్మద్ జయరావు వంక చూశాడు. జయరావు రోడ్డు వంక చూశాడు.

బతిమాలారు. వినలేదు. మనిషి ఉండగా పని మొదలుపెట్టనని లాల్ అహ్మద్, పని అయ్యాకే దిగుతానని పుల్లమ్మ. ఫిబ్రవరి అన్న పేరే గానీ గుంటూరు ఎండ అప్పుడే కాస్తోంది. ఆవిడకి చెమటలు పడుతున్నాయని లాల్ అహ్మద్ షెడ్డులో ఉన్న పెద్ద ఫ్యాను లాక్కొచ్చి కారు తలుపు దగ్గర పెట్టాడు. ఆవిడ థాంక్స్ చెప్పి ఇంకా హాయిగా సర్దుకుని కూర్చుంది.

చివరికి లాల్ అహ్మద్‌కే తోచింది. "అమ్మా, బ్యాటరీ లేకపోతే బండి కదలదు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను."

"బ్యాటరీ మీ దగ్గరే పెడతాను. అది మీ దగ్గరుండగా ఈయన ఒంగోలు కాదు గదా, గేటు కూడా దాటలేడు."

పుల్లమ్మకి ఆ ఒప్పందం నచ్చింది. లాల్ అహ్మద్ ముందు నెగటివు, తర్వాత పాజిటివు వైరు విప్పి, బ్యాటరీని నిటారుగా ఒక ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, షెడ్డులో బల్ల ముందు ఉంచాడు. ఆవిడ దిగి, బల్ల మీద కూర్చుని, ట్రే అంచు మీద ఒక కాలు ఆనించింది. చూపంతా భర్త మీదే ఉంది.

లాల్ అహ్మద్ వాచీ చూసుకున్నాడు. "పదీ యాభై. పదకొండింటి దాకా ఎవరూ కారు దగ్గరికి వెళ్ళకూడదు."

సరిగ్గా అప్పుడే రైల్వే గేటు పడింది. గూడ్సు బండి రావాలి. మిర్చి బస్తాల లారీలు, ఆటోలు, మోటారు సైకిళ్ళు వచ్చి షెడ్డు ముందుదాకా నిలబడిపోయాయి. నాలుగు తలుపులూ బార్లా తీసిన ఖాళీ కారు, దానికి పది అడుగుల దూరంలో వాచీ చూసుకుంటూ నిలబడ్డ మనిషి, బ్యాటరీకి కాపలా కాస్తున్న పెద్దావిడ. గేటు దగ్గర ఆగినవాళ్ళకి వేరే పనేముంటుంది? ఏంటంట, ఏంటంట అని ఒకళ్ళనొకళ్ళు అడిగారు. "బాంబులాంటిదేదో ఉందంట, చల్లారాలంట" అన్నాడొక లారీ క్లీనరు. ఆ మాట గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి 'లాంటిదేదో' ఎక్కడో దారిలో పడిపోయింది.

పదకొండు కొట్టింది. లాల్ అహ్మద్ ఒంట్లో ఉన్న కరెంటు పోవటానికి కారు ఇనుము ఒకసారి ముట్టుకుని, పక్కసీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళు మాత్రం తలుపులోంచి రోడ్డు వైపు బయటికున్నాయి. ఎయిర్‌బ్యాగ్‌కి మొహం ఎదురుగా పెట్టడు గనక తల బాగా కిందికి దూర్చాడు. పసుప్పచ్చ ప్లగ్గు గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. ఆ గ్లవ్ బాక్స్ మూత పడక ఉబ్బిపోయి ఉంది.

"అమ్మా, ఇందులో ఏముంది?" అని అడిగాడు.

అడిగింది కుడి చెవి సీటుకి ఆనించి. ఆవిడ "కారం! నాలుగు కేజీలు! జాగ్రత్త!" అని అరిచింది ఎడమ చెవి వైపు నుంచి. అతనికేమీ వినపడలేదు. బదులు రాలేదనుకుని గ్లవ్ బాక్స్ కొక్కేలు నొక్కి కిందికి లాగాడు.

నెల రోజులుగా గ్లవ్ బాక్సులో వస్తూ పోతూ ఉన్న సామానే అది. నెల క్రితం ఇలాగే చెల్లెలికని కారం పెట్టి ఆవిడ బయల్దేరబోతే ఏదో అడ్డం వచ్చింది. సంచీ అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు పాత సంచీ మీద కొత్త సంచీ కుక్కింది. కింది సంచీ చిరిగింది. ఫ్యాను తలుపు దగ్గరే, మూడో నంబరు మీద తిరుగుతోంది.

కారులోంచి ఎర్రటి మబ్బొకటి లేచింది. అవతలి తలుపులోంచి బయటికొచ్చి, గేటు దగ్గర నిలబడ్డ జనం మీద పరుచుకుంది. అదే క్షణంలో పక్కనే పంక్చర్ల కొట్టు ప్రభు గాలి కొడుతున్న లారీ ట్యూబు ఒకటి ఢాం అని పేలింది. ప్రభు కళ్ళు మండి గాలి ఎంత కొట్టాడో చూసుకోలేదు, అంతే.

జనం చూసింది ఇది: ఢాం అని చప్పుడు, ఎర్రటి పొగ, కారులోంచి బయటికున్న రెండు కాళ్ళు, కదలటం లేదు.

లాల్ అహ్మద్ కదలకపోవటానికి కారణముంది. కళ్ళల్లో కారం పడ్డప్పుడు నలిపితే ఇంకా చెడుతుంది. అందుకని భుజం మీది తువ్వాలు మొహం మీద కప్పుకుని, ఊపిరి బిగబట్టి, మంట తగ్గేదాకా అలాగే పడుకుందామనుకున్నాడు.

బయట అందరికీ కళ్ళు కారుతున్నాయి. జయరావు షెడ్డు పైపు పట్టుకుని దగ్గుతూ ఎక్కిళ్ళు పెడుతున్నాడు. పుల్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కుతోంది, కాలు మాత్రం ట్రే మీంచి తియ్యలేదు. గేటు దగ్గర మోటారు సైకిలు మీద ఆగిన పాస్టరు కరుణాకర్ ఈ దృశ్యం చూసి బండి స్టాండు వేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరమ్మా? మీకేమవుతారు?"

పుల్లమ్మకి దగ్గు ఆగలేదు. కారు వైపు చెయ్యి చూపించింది. పాస్టరు ఆ బయటికున్న కాళ్ళు చూశాడు, తువ్వాలు చూశాడు. ఆయన కళ్ళలోనూ కారమే, నీళ్ళు ధారగా కారాయి. "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. లారీ డ్రైవర్లు తలపాగాలు తీశారు. పాస్టరు గట్టిగా మొదలుపెట్టాడు. "దేవా, నీ కుమారుణ్ణి పని మధ్యలో పిలుచుకున్నావు..."

తువ్వాలు కప్పుకునేటప్పుడు కుడి చెవి సీటు వదిలింది గనక లాల్ అహ్మద్ ఈ మాటలు విన్నాడు. ఎవరో పోయారనుకున్నాడు. పాపం అనుకున్నాడు. ఎవరో తెలుసుకుందామని నోరు తెరవబోతే గొంతులోకి కారం దిగింది. మళ్ళీ మూసుకున్నాడు.

కబురు గేటు కింద నుంచి దూరి అవతలికెళ్ళింది. నాలుగు నిమిషాల్లో గౌస్ బాషా చేతిలో స్క్రూడ్రైవరుతోనే పట్టాలు దాటి పరిగెత్తుకొచ్చాడు. కారు నంబరు చూశాడు. ముందు బంపరు మీద సొట్ట చూశాడు. అక్కడే కూలబడిపోయాడు.

"లాల్ భాయ్! నేనే చంపాను నిన్ను!"

పాస్టరు ప్రార్థన ఆపాడు. జనం ఇంకా దగ్గరికి జరిగారు.

"ఈ బండి నాకు తెలుసండీ" అన్నాడు గౌస్ బాషా గుండె బాదుకుంటూ. "మూడేళ్ళ క్రితం యాక్సిడెంటు అయ్యి నా షెడ్డుకే వచ్చింది. పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ పేలిపోయింది. కొత్తది వెయ్యాలన్నాను. అమ్మెయ్యబోతున్నాం, లైటు ఆరితే చాలన్నాడు అప్పటి ఓనరు. ప్లగ్గులో చిన్న రెసిస్టెన్సు ముక్క పెట్టి నల్ల టేపు చుట్టాను. సంచీ ఉందనుకుని కారు లైటు ఆర్పేసింది. డ్యాష్‌బోర్డు మీద మూత కింద బోలుగా ఉంది, తడితే డబ్బాలా మోగుతోంది, కొనేవాడు కనిపెడతాడని..."

"కనిపెడతాడని?" అన్నాడు జయరావు. దగ్గు ఆగిపోయింది ఆయనకి.

"పత్తి కుక్కానండీ."

గేటు దగ్గర గూడ్సు బండి కూత వినిపించింది. చాలా పొడుగు బండి. అది పోయాక లారీ క్లీనరు సందేహంగా అన్నాడు. "అన్నా, సంచీయే లేకపోతే మరి పేలిందేంటి?"

గౌస్ బాషా స్క్రూడ్రైవరుతో తల గోక్కున్నాడు.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా" అన్నాడు లాల్ అహ్మద్ తువ్వాలు తీసి లేచి కూర్చుంటూ.

జనం ఒక్కసారి వెనక్కి పడ్డారు. ఒక ఆటోవాలా ఆటో వదిలేసి పరిగెత్తాడు. పాస్టరు కరుణాకర్ తన ప్రార్థనకి ఇంత తొందరగా ఫలితం వస్తుందని అనుకోలేదు కాబోలు, బల్ల పట్టుకుని నిలబడ్డాడు. గౌస్ బాషా మాత్రం లాల్ అహ్మద్‌ని కావలించుకుని భోరుమన్నాడు. ఈసారి కారం వల్ల కాదు.

"ఒరేయ్ గౌసూ, వదలరా" అన్నాడు లాల్ అహ్మద్. "పత్తి కుక్కావా?"

"భాయ్, తప్పయిపోయింది."

"మనిషి బతకాల్సిన చోట పత్తి కుక్కావా?"

అతను చెయ్యెత్తాడు. తను చచ్చానని జనం అనుకున్నందుకు కాదు. పన్నెండేళ్ళ క్రితం తన మొహం మీద పేలింది కనీసం నిజమైన సంచీ. ఈవిడ రెండేళ్ళుగా ఆ మూత ముందు కూర్చుని నరసరావుపేట, ఒంగోలు, పొన్నూరు తిరిగింది. ఎత్తిన చెయ్యి మధ్యలో ఆపుకుని, మొహం కడుక్కొచ్చి, మళ్ళీ పనిలో దిగాడు. ఎవరేం చెప్పినా కంటితో చూడకుండా నమ్మేవాడు కాదు. పసుప్పచ్చ ప్లగ్గు దగ్గర నల్లటేపు చుట్టిన ముక్క దొరికింది. మొదటి కారం సంచీ ఒత్తిడికే దాని ఒక కాలు విరిగింది. నెల క్రితం లైటు వెలిగింది అందుకే. డ్యాష్‌బోర్డు మీద మూత జాగ్రత్తగా పైకి లేపాడు.

తెల్లగా, మెత్తగా, దట్టంగా పత్తి. జనమంతా తొంగి చూశారు.

జయరావు చెయ్యి పెట్టి ఒక పోచ తీశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే కదిలాయి. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగాడు, మళ్ళీ దగ్గర చేర్చాడు, మళ్ళీ లాగాడు. పింజని చొక్కా మీద పరిచి కొలిచాడు.

"ముప్పై మిల్లీమీటర్లకి తక్కువ లేదు" అన్నాడు. "చెత్త లేదు, రంగు పోలేదు. ఇంత మంచి సరుకుని ఇక్కడ కుక్కటానికి మనసెలా వచ్చిందయ్యా నీకు?"

"ఏవయ్యా, నా మొహం పగిలేది!" అని కేకేసింది పుల్లమ్మ. "పింజ పొడుగు చూసుకుంటున్నావా?"

ఆయన సిగ్గుపడి పోచ జేబులో పెట్టుకున్నాడు.

లాల్ అహ్మద్ పత్తి మొత్తం లాగేసి, రెసిస్టెన్సు ముక్క తీసి గౌస్ బాషా చేతిలో పెట్టాడు. పుల్లమ్మ దగ్గర అడిగి బ్యాటరీ తీసుకున్నాడు. కారులో ఎవరూ లేకుండా చూసి బిగించాడు. తాళం తిప్పితే ఎర్రబొమ్మ మళ్ళీ వెలిగింది.

"ఆరలేదేంటండీ?" అన్నాడు జయరావు.

"ఆర్పను. సంచీ లేదని చెబుతోంది, నిజమే చెబుతోంది. కొత్తది వేసేదాకా వెలగనివ్వండి. స్టీరింగులో మీ సంచీ కూడా ఈ లైటు వెలిగినంతకాలం పనిచేస్తుందన్న నమ్మకం లేదు. నెమ్మదిగా వెళ్ళండి. అమ్మగారు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి."

"కొత్త సంచీ కంపెనీ షోరూములో నేనే ఆర్డరు పెడతాను" అన్నాడు గౌస్ బాషా తల దించుకుని. "పాత బండ్లవి తుక్కులోంచి తీసినవి తేను, భాయ్. నువ్వే బిగించు."

"అది సరే. ఇలాంటివి ఇంకెన్ని బండ్లలో పెట్టావు?"

గౌస్ బాషా వేళ్ళ మీద లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. కుడి చెయ్యి అయిపోయింది. ఎడమ చెయ్యి అయిపోయింది. కాళ్ళ వంక చూసుకున్నాడు.

ఇంతలో ఆటోలో జోహరాబీ దిగింది. లాల్ అహ్మద్ భార్య. కబురు ఎవరు చేశారో గానీ, దారి పొడుగునా ఏడ్చిన మొహం. భర్త నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడి ఉండటం చూసి ఆగిపోయింది. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని చూసింది. చొక్కా పట్టుకుని చూసింది. తర్వాత భుజం మీద ఒక్కటి వేసింది, కళ్ళజోడు మళ్ళీ ఎగిరిపోయేంత గట్టిగా.

"ఫోను ఎత్తచ్చుగా!"

"కళ్ళు కనపళ్ళేదే. నా చావుకి నేనే ఆలస్యంగా వచ్చాను, ఏం చెయ్యను?"

ఆవిడ ఆ మాటకి నవ్వి, నవ్వుతూ మళ్ళీ ఏడ్చింది. పుల్లమ్మ వెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది.

మధ్యాహ్నం నీళ్ళు కలిపిన మజ్జిగ తాగి అందరూ స్థిమితపడుతున్న వేళకి ఫ్లెక్సీల కొట్టు నుంచి ఒక పెద్ద చుట్ట వచ్చింది. మెకానిక్కుల సంఘం వాళ్ళు ఆర్డరు ఇచ్చారట. విప్పితే ఎనిమిది అడుగుల లాల్ అహ్మద్. ఎవరి పెళ్ళిలోనో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తీయించుకున్న ఫోటో. కింద 'కన్నీటి నివాళి' అని ఎర్ర అక్షరాలు, ఆ పక్కన పదిమంది మెకానిక్కుల బొమ్మలు. అందరికంటే పెద్దది గౌస్ బాషాది.

"వెనక్కి తీసుకోరా?" అని అడిగాడు లాల్ అహ్మద్.

"పేరేసిన ఫ్లెక్సీ ఎవరు తీసుకుంటారండీ?" అన్నాడు తెచ్చినతను.

జోహరాబీ ఫ్లెక్సీని దూరంగా నిలబడి చూసింది. "ఫోటో మాత్రం బాగుంది" అంది.

లాల్ అహ్మద్ దాన్ని తిప్పాడు. వెనక తెల్లగా ఉంది. మార్కరు తెచ్చి గౌస్ బాషా చేతికిచ్చాడు. ఆ సాయంత్రం దాకా అతను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, గుర్తొచ్చిన కార్ల నంబర్లన్నీ పెద్ద అక్షరాలతో రాశాడు. ఇరవై మూడు తేలాయి. పైన లాల్ అహ్మద్ చెప్పినట్టు రాశాడు: ఈ బండ్లలో ఎయిర్‌బ్యాగ్ ఉందనుకోవద్దు, వచ్చి చూపించుకోండి. దాన్ని గేటు పక్కన రెండు గుంజలకి కట్టారు.

గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకి నంబర్లు కనిపిస్తాయి. నరసరావుపేట వైపు నుంచి వచ్చేవాళ్ళకి నివాళి కనిపిస్తుంది. మూడు వారాలకి జయరావు కారుకి కొత్త ఎయిర్‌బ్యాగ్ వచ్చింది. తాళం తిప్పితే ఎర్రబొమ్మ ఆరు సెకన్లు వెలిగి ఆరింది. ఉగాది నాటికి జాబితాలో పద్నాలుగు బండ్లు వచ్చాయి. అందులో నాలుగు, ఫిరంగిపురం వైపు నుంచి నివాళి చూసి దండలు పట్టుకుని పరామర్శకి వచ్చిన బండ్లు. వాళ్ళని కుర్చీ వేసి కూర్చోబెట్టి, దండ పక్కన పెట్టి, తాళం అడిగి తీసుకునేవాడు లాల్ అహ్మద్.